కుయిల్‌మలై గురించి ఒకే ఒక పేజీ

గూడూరు,
20 అక్టోబరు 2002.

కాంతా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయలేదని ఈపాటికి నాలుగు తిట్లు తిట్టే ఉంటావు, అవి చేరాయనుకో. మండీలో ఊపిరి సలపని పని. తెల్లారేసరికి నిమ్మకాయల బస్తాలు దిగుతాయి. లారీలు కదిలే లోపల చీట్లన్నీ టైపు చేసి ఇవ్వాలి. ఇంటికి వచ్చినా నా చేతులకు, చీరకు, తలకు నిమ్మ వాసనే. చిత్తూరు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మనిద్దరం పక్కపక్కనే కూర్చుని ఒకే పాఠం నేర్చుకున్నాం. నువ్వు తిరుపతి యూనివర్సిటీకి పోయావు, నేను నిమ్మకాయలకు వచ్చాను.

నీ బల్ల మీద టైపు మిషను తీసేసి కంప్యూటరు పెట్టారనీ, అందులో ఇంటర్నెట్ ఉందనీ, ఏ ఊరి సంగతి అడిగినా చెబుతుందనీ రాశావు కదా. నాకు ఒక ఊరి సంగతి కావాలి. కుయిల్‌మలై అని, తమిళనాడు కొండల్లో కాఫీ తోటల మధ్య ఉంటుందంట. ఎండాకాలంలో మా చర్చి వాళ్లు అటు పోదామంటున్నారు, అందుకని.

అక్కడ చలి ఎంత, నీళ్లు ఎలా ఉంటాయి, సాయంత్రం పూట జనం ఏం చేస్తారు, ఇవి చూసి రాయి. తొందరేమీ లేదు. తొందరగా రాస్తే మంచిదే.

నీ
తాయి


తిరుపతి,
2 నవంబరు 2002.

తాయీ,

తిట్లు చేరినందుకు సంతోషం. ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి, నువ్వు వచ్చినప్పుడు ఇస్తాను.

నీ ఊరి కోసం నేను పడ్డ పాట్లు విను. గూగుల్ అని ఒక పేజీ ఉంటుంది. తెరిస్తే మధ్యలో ఒక ఖాళీ గడి. కావలసినది అందులో కొట్టాలి. ఇన్నేళ్లుగా ఆఫీసు ఉత్తరాలు కొట్టిన చేయి ఊరుకుంటుందా? ‘అయ్యా, కుయిల్‌మలై అను గ్రామము యొక్క వివరములు దయచేసి తెలియజేయవలసినదిగా కోరుచున్నాను’ అని ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా కొట్టాను. చివర ‘ఇట్లు, తమ విధేయురాలు’ కూడా పెట్టాను. అదేం చేసిందో తెలుసా? దయచేసి, తెలియజేయవలసినది, విధేయురాలు అనే మాటలు ఏయే కాగితాల్లో ఉన్నాయో ఆ సర్కారు కాగితాలన్నీ మోసుకొచ్చి నా ముందు కుప్ప పోసింది. కుయిల్‌మలై మాత్రం అందులో లేదు.

మా డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన లెక్చరరు మహిత వెనక నిలబడి చూస్తూ ఉందంట. నవ్వు ఆపుకోలేకపోయింది. “దానికి మర్యాదలు తెలీవమ్మా. జవాబు రాసినోళ్లు ఏ మాటలు రాసుంటారో అవి మాత్రం ఎయ్యండి సాలు” అంది. నాకు ఆ మాట భలే నచ్చింది. అడిగేవాళ్ల మాటలు కాదు, చెప్పేవాళ్ల మాటలు తలుచుకోవాలన్నమాట. కొండల్లో ఊరు, కాఫీ తోటలు అన్నావు, నీళ్లు అన్నావు. కుయిల్‌మలై, కాఫీ, సరస్సు అని మూడే మాటలు వేశాను. వచ్చింది, తాయీ. ఒకే ఒక పేజీ వచ్చింది.

ఎవరో పరదేశం ఆవిడ, పక్షుల్ని చూసుకుంటూ తిరిగేదంట, అక్కడ కొన్నాళ్లు ఉండి రాసింది. ప్రింటు తీసి దీంతో పెడుతున్నాను. ముఖ్యమైనది మాత్రం నేనే ముందు చెప్తాను. ఊరి మధ్య సరస్సు ఉంది. పొద్దున పూట దాని మీద మంచు దిగితే అవతలి గట్టు కనిపించదు. తోట పనివాళ్లు పడవల్లో అటూ ఇటూ పోవాలి కదా. అందుకని ఇవతలి గట్టు మీద గంట కట్టి, పడవ చేరేదాకా ఎవరో ఒకరు కొడుతూనే ఉంటారు. పడవ ఆ చప్పుడు పట్టుకుని వస్తుంది. ఇది చదివి నేను ఫైళ్లు పక్కన పెట్టి కాసేపు కిటికీలోంచి కొండ వైపు చూస్తూ కూర్చున్నాను. మా కొండ మీద కూడా ఆ రోజు మబ్బు దిగి ఉంది.

నీ
కాంత


గూడూరు,
14 నవంబరు 2002.

కాంతా,

కాగితం చేరింది. నాకు వచ్చింది లారీ చీట్ల ఇంగ్లీషే అయినా, డిక్షనరీ పక్కన పెట్టుకుని కొంచెం కొంచెంగా చదివాను. వెండి రంగు ఆకుల చెట్లంట. కాఫీ పూత వచ్చినప్పుడు కొండంతా తెల్లబడుతుందంట. ఆ వాసన ఇళ్లలోకి వచ్చి దుప్పట్లలో ఉండిపోతుందంట. నిమ్మ పూత వాసన లాంటిదే అయి ఉంటుంది, కొంచెం చల్లగా.

గంట సంగతి నేను ముందే విన్నాను. విన్నప్పుడు కథ చెబుతున్నారనుకున్నా. కాగితంలో కూడా ఉందంటే నిజమేనన్నమాట.

నీకు నవ్వొస్తుంది గానీ రాస్తున్నా. మొన్న చీటీ టైపు చేస్తూ ఉంటే చుట్టూ మంచు దిగినట్టయింది. బస్తాలు కనిపించలేదు, హమాలీల కేకలు ఎటో దూరంగా పోయాయి. తెల్లగా, చల్లగా, నా చేతులు తప్ప ఇంకేమీ లేదు. ఎక్కడో గంట కొడుతున్నారు. స్టేషనులో గంటే అయి ఉంటుంది, గూడూరులో రోజంతా రైళ్లే కదా. నేను మాత్రం ఎవరో నన్ను గట్టుకు పిలుస్తున్నారనుకున్నాను. తీరా చూస్తే చీటీలో సరుకు పోయే ఊరి దగ్గర కుయిల్‌మలై అని కొట్టి ఉన్నాను. మా యజమాని కళ్లద్దాలు పైకెత్తి, “ఇదేడ మార్కెట్టు తాయమ్మా, మనం ఎప్పుడూ కాయ తోలలేదే ఈడికి?” అన్నాడు.

ఆ ఊళ్లో ఆసుపత్రి ఉందేమో చూస్తావా? చర్చి వాళ్లలో ముసలివాళ్లు ఉంటారు, అందుకని.

నీ
తాయి


తిరుపతి,
5 డిసెంబరు 2002.

ఏమే తాయీ,

ముసలివాళ్ల కోసం ఆసుపత్రి, సరే. ఆ ఊళ్లో సాయంత్రం పూట జనం ఏం చేస్తారో కూడా మీ ముసలివాళ్ల కోసమేనా? గంట సంగతి ముందే విన్నావా? ఎవరి నోట విన్నావు? నాతో దాగుడుమూతలు ఆడకు. ఇన్‌స్టిట్యూట్‌లో నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు కాగితం సర్దుకునేదానివి. ఈ ఉత్తరం రాసేటప్పుడు కూడా సర్దుకునే ఉంటావు.

ఆసుపత్రి కోసం చూశాను. కుయిల్‌మలై, ఆసుపత్రి అని ఇంగ్లీషులో రెండు మాటలు వేస్తే, అది దేశంలో ఉన్న ఆసుపత్రులన్నీ చూపించబోయింది. మహిత ఇంకో కిటుకు చెప్పింది. రెండు మాటలకూ కలిపి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెడితే, ఆ రెండూ పక్కపక్కనే ఉన్న చోట్లు మాత్రమే వెతుకుతుందంట. విడదీయదంట. మనుషులకు కూడా అలాంటి గుర్తులు ఉంటే, నువ్వు గూడూరులో, నేను తిరుపతిలో ఎందుకుంటాం చెప్పు.

గుర్తులు పెడితే మళ్లీ ఆ పరదేశం ఆవిడ పేజీనే వచ్చింది. అది రెండు భాగాలంట. మనం చదివింది మొదటిది. ఆసుపత్రి రెండో భాగంలో ఉన్నట్టుంది. అది తెరుచుకునే లోపల కరెంటు పోయింది. మర్నాడు పరీక్షల పని నెత్తిన పడింది. ఖాళీ దొరికినప్పుడు చూస్తాను. ముందు నువ్వు నిజం రాయి.

నీ
కాంత


గూడూరు,
3 ఫిబ్రవరి 2003.

కాంతా,

నిన్ను మోసం చేయడం నాకు ఎప్పుడు చేతనైంది? చర్చి వాళ్లు ఎక్కడికీ పోవడం లేదు. పోయేది నేను.

ఆయన పేరు ప్రేమానందం. కుయిల్‌మలై తోటల ఆసుపత్రిలో కాంపౌండరు. వాళ్ల నాయన ఇక్కడే గూడూరు పక్కన అభ్రకం గనిలో పని చేసేవాడంట. భార్య పోయి నాలుగేళ్లయింది, పిల్లలు లేరు. కిందటేడు సెలవులో వచ్చినప్పుడు మా పాస్టరమ్మ గారు ఆయన్ని మండీకి తీసుకొచ్చారు. కుర్చీ లేకపోతే నిమ్మకాయల బస్తా మీద కూర్చున్నాడు. గంట గురించి, మంచు గురించి చెప్పాడు. “నేనేమీ దాచి పెట్టను. ఆడ చలి ఎక్కువ, మనుషులు తక్కువ. బాగా ఆలోచన చేసుకోని చెప్పండి” అన్నాడు. నేను టైము అడిగాను. ఆ టైములోనే నీకు ఉత్తరం రాశాను.

నువ్వు పంపిన కాగితం ఎన్నిసార్లు చదివానో. ఆయన చెప్పినదీ అందులో ఉన్నదీ ఒకటే. ఒక్క ముక్క కూడా ఆయన ఎక్కువ చేసి చెప్పలేదు. అది చూసి ధైర్యం వచ్చి సరేనన్నాను.

మా వాళ్లలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు. ఫలానా వరుడు, ఫలానా వధువు, ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని. నిన్న మొదటిసారి చదివారు. అందరూ తిరిగి నన్ను చూశారు. నేను పాటల పుస్తకంలో తల పెట్టుకుని కూర్చున్నాను. ఇంకో రెండు ఆదివారాలు అయితే పెళ్లి. నువ్వు రావాలి.

ఎవరికీ చెప్పని మాట నీకు చెప్తున్నా. నాకు చాలా ఆశగా ఉంది, కాంతా. నలభై దాటినదాన్ని, ఆశపడటానికి సిగ్గుగా ఉంది. అయినా ఆశగానే ఉంది.

నీ
తాయి


తిరుపతి,
5 ఫిబ్రవరి 2003.

తాయీ,

ఇది స్పీడ్ పోస్టులో పంపుతున్నా. కూర్చుని చదువు.

నీ ఉత్తరం రాగానే సంతోషం పట్టలేక, మీ ఆయన పేరు ఎక్కడైనా ఉంటుందేమో చూద్దామని ఆ రెండో భాగం తెరిచాను. ఉంది. ఆవిడ ఇలా రాసింది, నేను తెలుగులో పెడుతున్నాను:

‘సాయంత్రం వాన పట్టుకుంటే ఆసుపత్రి వరండాలో తలదాచుకున్నాను. అక్కడి కాంపౌండరు ప్రేమానందం తెలుగువాడు. ఆయన భార్య గ్రేసీ నాకు టీ పోసింది. పోస్తూ పోస్తూ మంచులోకి చూసి చిన్నగా పాట అందుకుంది. టీ పళ్లెంలోంచి పొంగి నా బూట్ల మీద పడింది. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఈ కొండ మీద వీళ్లిద్దరి కంటే సుఖంగా ఉన్నవాళ్లను నేను చూడలేదు.’

భార్య బతికే ఉంది, తాయీ. టీ పోస్తోంది, పాడుతోంది. గంట నిజమైనప్పుడు ఇదీ నిజమే కదా. అంతవరకు ప్రింటు తీసి దీంతో పెట్టి ఆపేశాను. ఇంకా కింద చదవడానికి నాకు మనసు రాలేదు. ఒళ్లు మండిపోతోంది. బస్తా మీద కూర్చుని ‘నేనేమీ దాచి పెట్టను’ అన్నాడా? ఆ రెండో ప్రకటన చదవనివ్వకు.

నీ
కాంత


గూడూరు,
9 ఫిబ్రవరి 2003.

కాంతా,

చదవనివ్వలేదు.

నిన్న పాస్టరు అయ్యగారి దగ్గరికి పోయి, ఆ పెళ్లికి నాకు అభ్యంతరం ఉందని చెప్పాను. ఆయన నా ముఖంలోకి చూసి, “నీ పెండ్లికి నువ్వే అభ్యంతరం చెప్తే యాడ రాసుకునేదమ్మా?” అన్నారు. పాస్టరమ్మ గారు కారణం అడిగారు, మళ్లీ మళ్లీ అడిగారు. చెప్పలేదు. చెబితే ఆ మనిషి ఇంక ఈ ఊళ్లో తలెత్తుకోలేడు. నాకు ఇష్టం లేదని మాత్రం అన్నాను. ఆయనకూ అదే రాశాను, ఒక్క వాక్యం.

ఈరోజు చర్చిలో మా పేర్లు చదవలేదు. అందరూ మళ్లీ నన్నే చూశారు.

ఆమె టీ బాగా పెడుతుందేమో. నిన్నటి నుంచి అదే ఆలోచిస్తున్నా.

తాయి


తిరుపతి,
17 ఫిబ్రవరి 2003.

తాయీ,

ఎలా రాయాలో తెలియడం లేదు. రాసేస్తున్నా.

నీకు పంపిన పేజీ ప్రింటు ఇంకోటి నా బల్ల మీద ఉంటే మహిత తీసి చదివింది. “ఎంత బాగా రాసిందమ్మా! ఇది ఎప్పటిది?” అంది. ఎప్పటిదేమిటి, ఇప్పటిదే కదా అన్నాను. ఆ అమ్మాయి నా కుర్చీలో కూర్చుని, పేజీ తెరిచి, కిందికి, ఇంకా కిందికి పోయింది. అన్నిటికంటే అడుగున చీమ కాళ్లంత అక్షరాల్లో ఉంది. నవంబరు 1996.

మనం ఉత్తరాల మనుషులం, తాయీ. మనకు ఊరు, తేదీ నెత్తిన ఉంటాయి. అవి చూశాకే మాట చదువుతాం. నెత్తిన తేదీ లేకపోయేసరికి, నేను తెరిచిన రోజే ఆవిడ రాసిందనుకున్నాను. “పేజీ పెట్టినోళ్లు పోయినా పేజీ అట్లనే ఉంటాదమ్మా. ఎవురు రాసినారు, ఎప్పుడు రాసినారు అని అడుగుదాకా పోయి చూసుకోవల్ల” అంది మహిత. నేను కోపంలో సగంలోనే ఆగిపోయాను. నేను చదవని ఆ పాపిష్టి సగంలో ఆ నెల పేరు, ఆవిడ చిరునామా తప్ప ఇంకేమీ లేదు.

గ్రేసీ ఆరేళ్ల కిందట పోసిన టీ అది. ఆయన నీతో చెప్పిన ప్రతి మాటా నిజమే. నువ్వు ఆయన పరువు కాపాడటానికి నోరు మూసుకున్నావు, నేను తెరవకూడని నోరు తెరిచాను. నా ముఖం నీకు చూపించుకోలేను. ఆయనకు ఉత్తరం రాయమంటే రాస్తాను. కుయిల్‌మలైకి పోయి కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను.

కాంత


గూడూరు,
4 మార్చి 2003.

కాంతా,

నీ మీద కోపం వచ్చిన మాట నిజం. రెండు రోజులు ఉంది. తర్వాత పోయింది. నేను కూడా చదివాను కదా ఆ కాగితం, తేదీ ఏదని నాకూ తోచలేదు.

ఆయనకు జరిగిందంతా రాశాను. నువ్వు పంపిన కాగితాలన్నీ, రెండు భాగాలూ, అందులోనే పెట్టి పంపాను. పాస్టరమ్మ గారికి కూడా చెప్పేశాను. ఆమె నెత్తిన చేయి పెట్టుకుని, మళ్లీ కుదిరితే ప్రకటన మొదటి నుంచి చదవాల్సిందే, పాతది లెక్కకు రాదు అన్నారు. కుదిరితే కదా.

ఆయన జవాబు నిన్న వచ్చింది. ఇలా రాశాడు:

‘తాయమ్మ గారికి. మీ ఒక్క వాక్యం ఉత్తరం వచ్చినప్పుడు, మీకు ఇక్కడి చలి భయం వేసిందనుకున్నాను. తప్పు పట్టలేదు. ఇప్పుడు ఈ కాగితాలు చూశాను. ఆ పరదేశం ఆవిడ వచ్చి టీ తాగిన సంగతి నాకు లీలగా గుర్తుంది. రాసిందని తెలియదు. గ్రేసీ ఆ రోజు పాడిందని నేను మరిచిపోయాను. సరస్సులో ఇప్పుడు సగమే నీళ్లు, పడవలు పోయి రోడ్డు వచ్చింది, నేను మీకు చెప్పిన గంట కూడా ఈమధ్యే తీసేశారు. ఈ కాగితంలో మాత్రం అన్నీ ఉన్నాయి. మీకు చాలా రుణపడ్డాను. ఒక్క కోరిక. మీ స్నేహితురాలి ద్వారా, గ్రేసీ గురించి ఇంకా ఎక్కడైనా ఏమైనా ఉందేమో చూపించగలరా?’

అంతే, కాంతా. నా గురించి ఒక్క మాట లేదు. పెళ్లి మాట లేదు. నేను ఆయన్ని తిరిగి తెచ్చుకుందామని కాగితాలు పంపితే, ఆయన ఆమెను తిరిగి తెచ్చుకున్నాడు. చచ్చిపోయిన మనిషి మీద అసూయ పడుతున్నాను, నాకే అసహ్యంగా ఉంది. ఆ సరస్సు కలలోకి వచ్చినప్పుడల్లా ఇప్పుడు గట్టు మీద ఆమె నిలబడి ఉంటోంది. ముఖం తెలియదు, పాట మాత్రం వినపడుతుంది.

ఆమె లేని కుయిల్‌మలై ఒకటి వెతికి పెట్టు నాకు, చేతనైతే.

నీ
తాయి


తిరుపతి,
8 మార్చి 2003.

తాయీ,

ఆయన అడిగింది ముందు చేశాను. గ్రేసీ పేరుతో, ఆ ఊరి పేరుతో, తోట పేరుతో, ఎన్ని రకాలుగా వెయ్యాలో అన్ని రకాలుగా వేశాను. పేజీ అడుగున ఆ పరదేశం ఆవిడ చిరునామా ఉంటే ఈమెయిలు కూడా రాశాను. అలాంటి చిరునామా ఇప్పుడు లేదని తిరిగి వచ్చేసింది. ఆమె గురించి ఈ లోకంలో ఉన్నది ఆ ఒక్క సాయంత్రమే.

తర్వాత నువ్వు అడిగింది చేశాను. నువ్వు మాటవరసకు అన్నావు గానీ, దానికి నిజంగానే ఒక పద్ధతి ఉంది. ఏదైనా మాట వద్దనుకుంటే దాని ముందు మైనస్ గుర్తు పెట్టాలి. ఆ మాట ఉన్న పేజీలన్నీ పక్కన పెట్టేసి మిగతావి చూపిస్తుంది. రెండు భాగాలూ కలిపి ఒకే పేజీగా పెట్టిన నకలు ఒకటి ఉందని మహిత చూపించింది, వెతికితే వచ్చేది ఇప్పుడు అదే. కుయిల్‌మలై అని కొట్టాను. ప్రేమానందం అని కొట్టాను. పక్కన మైనస్ పెట్టి గ్రేసీ అని కొట్టాను.

ఏమీ రాలేదు, తాయీ. తెల్లటి పేజీ. మీ వెతుకులాటకు సరిపడేది ఏదీ దొరకలేదు అని రాసి ఉంది. ఆమెను తీసేస్తే సరస్సు పోయింది, కాఫీ పూత పోయింది, మంచు పోయింది, ఆయనా పోయాడు.

మైనస్ తీసేసి మళ్లీ కొట్టాను. అన్నీ తిరిగి వచ్చాయి. అది చూసి నేను ఆఫీసులో ఏడ్చాను, మహిత చూడకుండా.

ఒకసారి తప్పు చెప్పినదాన్ని, ఇంకోసారి చెప్పే హక్కు లేదు. అయినా చెప్తున్నా. ఆయన ఎందుకు అడిగాడో నువ్వు ఊహించుకుంటున్నావు, నీకు తెలియదు. ఈ గడిలో కొడితే వచ్చేది కాదు అది. ఆయన్నే అడుగు.

నీ
కాంత


గూడూరు,
24 మార్చి 2003.

కాంతా,

అడిగాను. ఉత్తరంలో కాదు, ఒకసారి రండి అని రాశాను. సెలవు దొరకలేదని పొద్దున రైలుకు వచ్చి సాయంత్రం రైలుకు పోయేట్టుగా వచ్చాడు. ఇంటికి తీసుకుపోతే వీధంతా తొంగి చూస్తుందని స్టేషనులోనే, నీళ్ల ట్యాంకు పక్కన నీడ ఉన్న బెంచీ మీద కూర్చున్నాం. సన్నబడ్డాడు. కాగితాలు చొక్కా జేబులోనే ఉన్నాయి, మడతలు నలిగిపోయి.

గ్రేసీ గురించి ఇంకేమీ దొరకలేదని చెప్పాను. తల ఊపాడు. తర్వాత, ఇంక దాచుకోలేక, “ఆమె గురించి అంతగా ఎందుకు ఎతుకుతా ఉండారు? నేను రాసిన దాంట్లో మీకు నేను కనపడలేదా?” అని అడిగేశాను.  

ఆయన జేబులోంచి కాగితాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత చెప్పాడు. ఆయన మాటలు అలాగే రాస్తున్నాను, నా మాటల్లో పెడితే పాడవుతాయి.

“ఆ సలిలోకి ఆమెను నేనే తీసకపోయినాను. ఈడ నీకు బాగుండాదా అని ఒక్కనాడూ అడగలేదు. అడగాలని నాకు తెలీదు. ఆమె చెప్పలేదు. పోయినాక అడిగేదానికి మనిషి లేదు. మిమ్మల్ని చూసి వచ్చినప్పటి నుంచి అదే ఆలోచన. ఇంకొకరిని తీసకపోయి ఆ మంచులో పెట్టొచ్చునా, పెట్టకూడదా అని. మీరు పంపిన కాగితంలో ఆమె నవ్వినట్టు ఉండాది. ఒక్క సాయంత్రం. ఇంకో సాయంత్రం ఏడన్నా రాసి ఉంటే, ఆమె ఆడ సుఖంగానే ఉన్నిందని తెలిస్తే, మిమ్మల్ని రమ్మనే ధైర్యం వస్తాదని ఎతకమన్నాను.”

ఆ వెతుకులాట నా కోసమంట, కాంతా. ఇన్నాళ్లూ ఆయన ఆమె కోసం వెతుకుతున్నాడనుకున్నాను.

“పరదేశం ఆవిడ ఒక్క సాయంత్రమే సూసింది, అదే రాసింది. మిగతా సాయంత్రాలు మీరు సూసినారు గదా, మీరు చెప్పండి” అన్నాను.

చెప్పాడు. మొదట తడుముకుంటూ, తర్వాత వరసగా. ఆమె కుందేళ్లను పెంచిందంట. తమిళం నేర్చుకుని తోట ఆడవాళ్లతో పోట్లాడేదంట. ఏదో ఒక ఏడు కాఫీ పూత రాలేదని ఏడ్చిందంట. చెబుతూ చెబుతూ ఉండగానే ఆయన ముఖం తేటపడింది, సంతోషంగానే ఉన్నిందని తనకు తానే చెప్పుకున్నట్టు. రైళ్లు వచ్చాయి, పోయాయి. నేను వింటూనే ఉన్నాను. ఆయన ఆపేసరికి నాకు అసూయ ఎక్కడా లేదు. బాగా ఆకలేసింది. తెచ్చిన పెరుగన్నం విప్పి ఇద్దరం తిన్నాం, నిమ్మకాయ ఊరగాయ నంజుకుని.

చేయి కడుక్కుని వచ్చి, “మరి మీకు ఆడ బాగలేకపోతే?” అన్నాడు.

“మీరు అడగండి. దినమూ అడగండి. బాగలేని దినం బాగలేదని చెప్తాను” అన్నాను.

ఆయన బెంచీ మీద నా పక్కన కూర్చుని, కాగితాలు జేబులో సర్దుకుని, కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు.

“ఈడ, ఇప్పుడు, బాగుండాదా?”

బాగుండాది అన్నాను.

నీ
తాయి